పెరుగుతున్న పుస్తకం

జూన్ 2

మా గువ్వకి,

నాన్న రాస్తున్నాను. నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా తొమ్మిదిసార్లు విప్పాను, తొమ్మిదిసార్లు మడిచాను. మడత దగ్గర చిరుగుపట్టేలా ఉంటే వెనకవైపు పల్చటి కాగితం అంటించి, ఆరబెట్టి, మళ్ళీ విప్పాను. నా కూతురు పుస్తకం రాసింది! లిఫ్టులు బాగుచేసే పిల్ల, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళు భయపడకుండా తలుపు బయట నిలబడి వాళ్ళని మాటల్లో పెట్టే పిల్ల, వాళ్ళు చెప్పిందంతా గుర్తుపెట్టుకుని పన్నెండు కథలు చేసిందట! "రెండు అంతస్తుల మధ్య". పేరు చూడు, ఎంత ఠీవిగా ఉందో! పుస్తకం వెన్నుమీద బంగారు రంగులో వేస్తే ఎలా ఉండేదో అని కళ్ళు మూసుకుని చూసుకున్నాను.

వీధిలో ఒక్కర్నీ వదల్లేదు. మన పాత బైండింగ్ షాపు అద్దెకు తీసుకున్న పళ్ళ డాక్టరు ఎవరికో పన్ను పీకుతుంటే పక్కనే నిలబడి చెప్పాను. కుర్చీలో ఉన్నాయన నోరు ముందే తెరిచి ఉంది కాబట్టి ఆశ్చర్యపోయాడనే అనుకున్నాను. మీ అమ్మ అయితే "మెల్లగా చెప్పండి, మీకు వినిపించదని లోకానికంతా వినిపించదా" అని కసిరింది. కటింగ్ మిషన్ పక్కన నలభై నాలుగేళ్ళు నిలబడ్డవాడిని, మెల్లగా ఎలా చెప్పాలో నాకేం తెలుసు? అందుకే కదా నీకు ఫోను చేయకుండా ఉత్తరాలు రాసేది. ఫోనులో నువ్వు "వినిపిస్తోందా" అనడం, నేను "ఆఁ?" అనడం, దాంతోనే సరిపోతుంది.

మొదటి పేజీలో "నాకు తెలిసిన అందరికంటే ఎక్కువ పుస్తకాలు చదివిన మా నాన్నకి" అని వేయిస్తున్నానన్నావు. అది చదివి చాలాసేపు మంచంమీద కూర్చుండిపోయాను. ఏమైందండీ అని మీ అమ్మ అడిగితే కంట్లో నలుసు పడిందన్నాను. దాని సంగతి తర్వాత రాస్తాలే.

ఒక్కటే మనసుకి గుచ్చుకుంది. కాగితం ఉండదట, కుట్టు ఉండదట, అట్ట ఉండదట. ఏదో పలకలాంటి దాంట్లో చూసుకోవాలట. ఊళ్ళోవాళ్ళ పుస్తకాలన్నీ కుట్టాను, నా బిడ్డ పుస్తకానికి మాత్రం సూది గుచ్చే పని లేకుండా పోయింది! సరే, కాలం అలా ఉంది. నువ్వు మాత్రం ఇరవై తొమ్మిదిన ఆవిష్కరణ సభలో మొదటి పాఠకుడిగా నన్ను మాట్లాడమన్నావు. ఆ రోజుకి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నా కళ్ళతో నేను చదివి తీరాలి. ఇందులో మాట తప్పను. మీ అమ్మ చదివి వినిపిస్తానంది. వద్దన్నాను. నాకు వినిపించేలా చదివితే సభకంటే ముందే వీధంతా ఆవిష్కరణ అయిపోతుంది.

అందుకని నిన్న కంపోజిటర్‌ని వెంటబెట్టుకుని ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుకి వెళ్ళాను. వాడు ప్రెస్సులో అక్షరాలు పేర్చినవాడు కదా, అక్షరం ఉన్న ప్రతి వస్తువూ తనకే తెలుసనుకుంటాడు. "ట్యాబ్లెట్ కొనరా, పాటలు, సినిమాలు, వాతావరణం అన్నీ అందులోనే వస్తాయి" అన్నాడు. "వాతావరణం కిటికీలోంచి వస్తూనే ఉంది కదరా" అన్నాను. షాపులో గొలుసు వేలాడే కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ఉంది, మర్యాదస్తురాలు. "ఎన్ని పుస్తకాలు పట్టాలండీ" అని అడిగింది. ఒకటి అన్నాను. "ఒకటా? వెయ్యి పట్టేది ఉందండీ." "మిగతావి మీరే ఉంచుకోండమ్మా, నాకు మా అమ్మాయి పుస్తకం ఒక్కటి పట్టేది చూపించండి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ట్యాబ్లెట్ కొననా, ఈ-రీడర్ అని ఇంకోటి ఉందట, అది కొననా? నాకు అర్థమయ్యేలా రాయి తల్లీ. నీ అరచేతులకి నూనె మరకలు ఉంటే ఉత్తరానికి అంటినా పర్లేదు, అవీ దాచుకుంటాను.

సంతోషం పట్టలేక ఇక్కడితో ఆపుతున్న
నాన్న

*

జూన్ 5

నాన్నా,

ఇరవై రెండో అంతస్తు పైన, మోటారు గదిలో కూర్చుని రాస్తున్నాను. కింద ఒకాయన లిఫ్టు రాలేదని బటన్‌ని పిడికిలితో గుద్దుతున్నాడు. గుద్దితే రాదని రెండుసార్లు చెప్పాను. ఇక ఆయన ఓపిక.

విను. ట్యాబ్లెట్ అంటే పెద్ద ఫోను అనుకో. అందులో నుంచి వెలుగు కళ్ళలోకి కొడుతుంది. సినిమాలకి బాగుంటుంది. గంటలకొద్దీ చదివితే కళ్ళు మండుతాయి, రోజూ ఛార్జింగ్ పెట్టాలి, చదువుతుంటే మధ్యలో ఏదో ఒకటి టింగుమని మోగుతుంది. ఈ-రీడర్‌కి చదివించడం తప్ప ఇంకో పని రాదు. కాగితం మీద అచ్చులా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, ఒకసారి ఛార్జింగ్ పెడితే వారాలు వస్తుంది. రంగులుండవు, నా పుస్తకంలో బొమ్మలూ లేవు.

కానీ నా మాట మీద కొనకు. రెండూ పట్టుకుని షాపు బయటికి వెళ్ళి ఎండలో చూడు. ఒక కప్పు టీ తాగినంతసేపు ఒంటిచేత్తో పట్టుకుని చూడు, మణికట్టు ఏమంటుందో. అక్షరాలు నీ కంటికి సరిపడా పెట్టించుకో. కింద పడితే బాగుచేసేది వాళ్ళా, వేరేవాళ్ళా అడుగు. కంపోజిటర్ బాబాయి మాట మాత్రం వినకు. పుస్తకం ఫైలు ఆ షాపావిడకి పంపిస్తాను, ఆవిడే ఎక్కించి ఇస్తుంది. నువ్వేం నొక్కక్కర్లేదు.

ఒక్క పుస్తకం పట్టేది కావాలన్నావా? నీ హాస్యం ఎక్కడికి పోతుంది! బైండింగ్‌కి వచ్చిన ప్రతి పుస్తకమూ చదివి కానీ పంపేవాడివి కాదు నువ్వు. సాయంత్రం నేను ఒళ్ళో ఎక్కి "ఈ రోజు ఏం చదివావు నాన్నా" అంటే చాలు, జిగురు చేతులు పైకెత్తి పట్టుకుని కథంతా చెప్పేవాడివి. ఎర్ర అట్ట లావుపాటి పుస్తకంలో ఓడ దారితప్పి మంచు దీవికి వెళ్ళిన కథ నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. ఆ వెయ్యి పుస్తకాలూ నీకు ఏడాదికి చాలవు.

నిజం చెప్పనా? ప్రచురణకర్త మెచ్చుకున్నా, తోటివాళ్ళు మెచ్చుకున్నా, నాకు భయం పోలేదు. అన్ని పుస్తకాలు చూసిన మనిషివి. నువ్వు బాగుందంటే బాగున్నట్టు. అమ్మకి ముద్దులు.

గువ్వ

(కిందాయన మెట్లెక్కి వచ్చేస్తున్నాడు. ఉంటాను.)

*

జూన్ 10

గువ్వా, నా బంగారు కొండా,

కొనేశాను! ఈ-రీడరే! ఇదిగో, నా మోకాలి మీదే ఉంది, దీనిమీద కాగితం పెట్టుకునే రాస్తున్నాను. చక్కటి గట్టి అట్టలా ఉంది, రాతకి కూడా పనికొస్తోంది.

నువ్వు చెప్పిన పరీక్షలన్నీ పెట్టాను. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని వీధిలోకి వచ్చేశాను. దొంగనుకుని కాపలాదారు వెంటపడ్డాడు, గొలుసు కళ్ళజోడావిడ అతని వెంటపడింది. ఎండలో ట్యాబ్లెట్‌లో చూస్తే నా మొహం, నా వెనక కంపోజిటర్ మొహం, వాడి వెనక కాపలాదారు మొహం కనిపించాయి, అక్షరం మాత్రం ఒక్కటీ కనిపించలేదు. ఈ-రీడర్‌లో అచ్చంగా అప్పుడే ప్రెస్సులోంచి దిగిన కాగితంలా ఉంది. "చచ్చిపోయినట్టుందిరా, వెలుగే లేదు" అని కంపోజిటర్ ఏడిపించాడు. "కాగితానికి వెలుగెక్కడుందిరా, నలభై ఏళ్ళు కాగితం మీదే బతికావు" అన్నాను.  

మన పనివాడి పద్ధతి మనకుంటుంది కదా, దాన్ని తిరగేసి అంచులు తడిమాను, మూలలు గోటితో నొక్కాను, వాసన చూశాను. వాసన లేదు. అదొక్కటే లోపం. ఇంటికొచ్చి, మనం పుస్తకాల అట్టలకి వేసే క్యాలికో గుడ్డతో దానికో అట్ట చేశాను, మడిస్తే మూసుకునేలా, మూలలకి తోలు వేసి. ఛార్జింగ్ పెట్టే చిల్లు దగ్గర సన్నగా కత్తిరించాను. గొలుసు కళ్ళజోడావిడకి చూపిస్తే ఇలాంటివి ఇంకో పది చేసి పెడతారా అని అడిగింది. ఆలోచిస్తానన్నాను, బెట్టుగా.

కొత్త కళ్ళజోడు కూడా తీసుకున్నాను, ఈ పుస్తకం కోసమే. నిన్న సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని తెరిచాను. అడుగున 1, గీత, 186 అని ఉంది. నూట ఎనభై ఆరు పేజీలు, రోజుకి పదిహేను చదివితే పన్నెండు రోజుల పైచిలుకు. నాకో లెక్క దొరికింది. మొదటి పేజీలో నీ పేరు. దాని దగ్గరే అరగంట ఆగాను. మీ అమ్మ తొంగి చూసి "ఇంకా పేరు దగ్గరే ఉన్నారా, నేను పెట్టిన పేరే కదా, కొత్తగా ఏముంది" అంది. ఆవిడకి ఇలాంటి యంత్రాలంటే గిట్టదు. దాన్ని దుమ్ము గుడ్డతో తుడిచి దూరంగా పెడుతుంది.

నాన్న

*

జూన్ 13

గువ్వకి,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను, తొందర పడాల్సిన పని కాబట్టి.

తల్లీ, నీ పుస్తకం పెరుగుతోంది. చదువుతున్నకొద్దీ తరగాల్సింది పోయి పెరుగుతోంది. మంగళవారం నూట ఎనభై ఆరు పేజీలుంటే పదిహేను చదివి ఆపాను. బుధవారం తెరిస్తే మూడు వందల ఒకటి. కూర్చున్నాను, పట్టుదలగా ఇరవై చదివాను. ఈ రోజు చూస్తే నాలుగు వందల పన్నెండు! ఎంత చదివినా మిగిలేది నిన్నటికంటే ఎక్కువే. పైగా ఆపిన చోట కాకుండా ఇంకెక్కడో తెరుచుకుంటోంది, వెతుక్కునేసరికే ప్రాణం పోతోంది.

మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఇంత అనుభవం ఉన్నవాడిగా చెప్తున్నాను. ఈ పుస్తకంలో ఉండాల్సినదానికంటే పేజీలు ఎక్కువున్నాయి. ఇలా జనం చేతికి వెళ్తే నీకే చెడ్డపేరు. ప్రచురణకర్తకి గట్టిగా చెప్పి, ఎక్కువైనవి ఏవో చూసి తీయించేయ్. ఇలాంటివి నేను ఎన్ని తీయించి ఉంటానో! మొదట్లోనే చూసుకోవాలి, అచ్చయ్యాక లబోదిబోమంటే లాభం లేదు.

కళ్ళజోడు మాత్రం అద్భుతంగా పనిచేస్తోంది. మంగళవారం కంటే ఇప్పుడు అక్షరాలు ఎంతో పెద్దగా, స్పష్టంగా కనిపిస్తున్నాయి. కళ్ళ డాక్టరుకి వెళ్ళి కృతజ్ఞతలు చెప్పి వచ్చాను.

తొందరగా ఆ పని చూడు.

నాన్న

*

జూన్ 16

నాన్నా,

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. మూడుసార్లు చదివాను.

అట్ట కుట్టడం, ఎండలో చూడడం అన్నీ చదివి నవ్వుకున్నాక, ఆ రెండో ఉత్తరం తెరిచాను. ముందు కోపం వచ్చింది. తర్వాత నువ్వు అన్నదాంట్లో తప్పేముంది అనిపించింది. నిన్ను మొదటి పాఠకుడివని పిలిచింది నేనే. నిజం చెప్పమని అడిగి, చెప్పాక మొహం ముడుచుకుంటే ఎలా? "ఎంత చదివినా తరగడం లేదు" అన్న మాట మాత్రం పని చేస్తుంటే కూడా చెవిలో మోగుతోంది. నిన్న ఒక తలుపు రోలర్ తిరగేసి బిగించాను. పదిహేనేళ్ళలో అలా ఎప్పుడూ చేయలేదు.

నాకూ లోపల అనుమానం ఉంది నాన్నా. ఆ పక్కింటివాళ్ళ కథ మరీ సాగిందేమోనని. ఒకే వరండాలో ఎదురెదురు తలుపులు, చెప్పుల స్టాండు గురించి పదకొండేళ్ళుగా మాటల్లేవు, అలాంటి ఇద్దరు లిఫ్టులో ఇరుక్కుంటే నలభై పేజీలా? అదీ, ఆఖరికి ముందున్న తాళంచెవులావిడ కథా, రెండూ తీసేద్దామనుకుంటున్నాను. మార్పులేవైనా ఉంటే ఇరవై ఒకటిలోపు చెప్పాలట. శుక్రవారం పొద్దున చెప్పేస్తాను.

నువ్వు చదివినంతవరకు చాలు. బలవంతంగా పూర్తిచేయకు. సభలో మాట్లాడడం కూడా నీ ఇష్టం. నువ్వు ముందువరసలో కూర్చుంటే నాకు అదే చాలు.

గువ్వ

*

జూన్ 19, గురువారం పొద్దున్న

గువ్వా,

తీయకు! ఒక్క ముక్క కూడా తీయకు!

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా వంటింట్లోకి పరుగెత్తి, మీ అమ్మ చేత నీకు ఫోను చేయించాను. "తీయొద్దట" అని ఒక్క మాట చెప్పి, పాలు పొంగుతున్నాయని పెట్టేసింది. నా ప్రాణం పోతుంటే ఆవిడకి పాలు! అందుకే ఇది కొరియర్‌లో పంపుతున్నాను, రేపు పొద్దున్నకి నీ చేతికి వస్తుందన్నారు.

ముందు నేను ఎంత తెలివితక్కువవాణ్ణో విను. మంగళవారం దాన్ని చంకలో పెట్టుకుని షాపుకి వెళ్ళాను. "అమ్మా, ఇందులో ఫారాలు తప్పుగా కలిశాయి, వేరే పుస్తకం పేజీలు వచ్చి పడ్డాయి" అన్నాను. ఫారం అంటే మన పనిలో పదహారు పేజీలు పడే పెద్ద కాగితం, నీకు తెలుసు కదా, ఒకదాని ఫారం ఇంకోదాంట్లో పడడం మామూలే. ఆవిడకేం తెలుసు? "ఫారం ఎక్కడ నింపారండీ" అంది. కంపోజిటర్ మధ్యలో దూరి "వైరస్ అయ్యుంటుంది" అన్నాడు. పది నిమిషాలు ముగ్గురం మూడు విషయాలు మాట్లాడుకున్నాం. చివరికి ఆవిడ దాన్ని తీసుకుని ఒకచోట నొక్కింది. అక్షరాలు చిన్నవయ్యాయి. అడుగున నూట ఎనభై ఆరు! ఇంకోచోట నొక్కింది. అక్షరాలు లావయ్యాయి. నాలుగు వందల పన్నెండు! "కథ అంతేనండీ, అక్షరం పెరిగితే పేజీకి తక్కువ పడతాయి, అందుకని పేజీలు పెరుగుతాయి" అంది, చిన్నపిల్లలకి చెప్పినట్టు.

నేను కంపోజిటర్ వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. జీవితమంతా లావు అక్షరం, సన్న అక్షరం అని పేర్చినవాడు వాడు. జీవితమంతా ఆ పేజీలు లెక్కపెట్టినవాణ్ణి నేను. ఇద్దరికీ తట్టలేదు! మనకి కాగితం మీద ఒకసారి నంబరు పడిందంటే పడినట్టే. నిద్రపోయి లేచేసరికి మారిపోయే నంబరుని ఎప్పుడు చూశాం?

"మరి ఎవరు మార్చారండీ, ఇంట్లో ఇంకెవరైనా చదువుతున్నారా" అని అడిగింది. ఎవరూ లేరు, మా ఆవిడకి ఇవి గిట్టవు అన్నాను. ఆవిడ నవ్వింది. నేను ఆ నవ్వు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. భోజనాల తర్వాత పడుకున్నట్టు నటించాను. కాసేపాగి లేచి చూస్తే, వెనక కిటికీ దగ్గర దుమ్ము గుడ్డ భుజం మీద వేసుకుని, ముక్కు దానికి ఆనించి, మీ అమ్మ!

"ఏమిటిది?" అన్నాను.

"తుడుస్తున్నానండీ."

"తుడిచేదానికి పేజీ ఎందుకు తిప్పుతున్నావు?"

"మీరు గురకపెడుతుంటే ఏం చేయమంటారు? చీమ తలకాయంత అక్షరాలు పెట్టుకుని చదువుతున్నారు, నాకు కనిపించొద్దూ? అయినా నా కూతురు కాదా అది?"

 కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి నా కృతజ్ఞతలు వెనక్కి తీసుకోవాలి, అంతే.

ఇదీ పేజీల సంగతి. నీ కథలు ఎక్కువయ్యాయని నేను అనలేదు తల్లీ. నాకు ఆ మాట అనే అర్హతే లేదు. ఎందుకు లేదో కూడా ఈ రోజే చెప్పేస్తాను, లేకపోతే నువ్వు నా మాట మీద ఇంకేం కోసేస్తావో.

నేను పుస్తకాలు చదవలేదు గువ్వా. ఒక్కటి కూడా. మొదటి నుంచి చివరిదాకా ఒక్క పుస్తకం చదవలేదు.

మా మేస్త్రి దగ్గర పనికి చేరేసరికి నాకు పదకొండేళ్ళు. ఫారాలు మడిచి వరసగా పేర్చాలి. కళ్ళు అక్షరాల మీద ఆగాయంటే చేతిమీద స్కేలు దెబ్బ పడేది. "కింద నంబరు చూడు, పైన నీకేం పని?" అనేవాడు. అలా నా కళ్ళు పేజీ అడుగునే నడవడం నేర్చుకున్నాయి. తర్వాత నాకు సొంత షాపు వచ్చింది, కొట్టేవాడు లేడు. చదువుదామని ఎన్నిసార్లు కూర్చున్నానో! నాలుగు వాక్యాలు దాటకుండానే కళ్ళు జారి నంబరు దగ్గరికి వెళ్ళి నిలబడేవి. వరస సరిగ్గా ఉందా, ఉంది, పక్క పేజీ. అంతే. పుస్తకం అయిపోయేది, ఏమీ చదివినట్టు ఉండేది కాదు.

నువ్వు ఒళ్ళో ఎక్కి ఏం చదివావని అడిగితే, చదవలేదని చెప్పడానికి నోరు రాలేదు. అట్టమీద పేరు చూసి, లోపల బొమ్మ ఉంటే బొమ్మ చూసి, నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. నువ్వు కళ్ళు ఇంతింత చేసుకుని వినేదానివి. మర్నాడు నిజం చెబుదామనుకునేవాణ్ణి. ఆ మర్నాడు ఇన్నేళ్ళకి వచ్చింది. ఆ మొదటి పేజీలో మాట తీసేయించు. కథలు తీయకు, అది తీయించు.

ఇంకొక్క సంగతి. నిన్న సాయంత్రం ఆ పక్కింటివాళ్ళ కథ చదివాను. ఇద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడరు, తలుపు బయట ఉన్న నీకు చెప్పమంటారు. "ఆయన నా కాలు తొక్కుతున్నాడని చెప్పండి." "తొక్కేంత చోటే లేదని ఆవిడకి చెప్పండి." నువ్వేమో అటు చెప్పింది ఇటు, ఇటు చెప్పింది అటు. వీళ్ళు మాట్లాడుకుంటారా, మాట్లాడుకోరా? మీ అమ్మ టీ తెచ్చి పెట్టిందట, చూడలేదు. అయిపోయాక తలెత్తితే టీ మీద తెట్టు కట్టి ఉంది. అప్పుడు తట్టింది. ముప్పై పైచిలుకు పేజీలు తిప్పాను, ఒక్కసారీ కింద నంబరు చూడలేదు.

ఆ కథా తీసేస్తానన్నావు! తీసి చూడు, సభకి వచ్చి అందరి ముందూ గొడవ పెడతాను.

సిగ్గుతోనూ సంతోషంతోనూ
నాన్న

*

జూన్ 21

నాన్నా,

అమ్మ ఫోను వచ్చినప్పుడు నేను లిఫ్టు గుంటలో ఉన్నాను, నడుం దాకా గ్రీజు. "తీయొద్దట" అంది, పెట్టేసింది. ఏది తీయొద్దు, ఎవరు తీయొద్దన్నారు? స్పానర్ తీయొద్దనా? ఐదు నిమిషాలు స్పానర్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. నిన్న నీ కొరియర్ వచ్చాకే అర్థమైంది. ఏదీ తీయలేదు. పన్నెండు కథలూ ఉన్నాయి.

ఇప్పుడు నేను చెప్పేది విను. నాకు పద్నాలుగేళ్ళప్పుడు లైబ్రరీలో ఆ ఎర్ర అట్ట పుస్తకం కనబడింది. నువ్వు వేసిన అట్టే, మూలల్లో నీ తోలు చూసి గుర్తుపట్టాను. మంచు దీవి కోసం ఆత్రంగా తెరిచాను. రేవుల్లో ఏ సరుక్కి ఎంత సుంకమో, ఆ పట్టికలు! ఆరు వందల పేజీలు! మంచు దీవీ లేదు, ఓడకి దారితప్పే తీరికా లేదు.

మా నాన్న అబద్ధం చెప్పాడని నాకు తట్టలేదు. పాపం ఇంత చప్పటి పుస్తకం ఓపిగ్గా చదివి, నాకు విసుగు రాకూడదని ఇంత మంచి కథగా మార్చి చెప్పాడు అనుకున్నాను. నీమీద గౌరవం రెండింతలైంది. నువ్వు సిగ్గుపడి దాచావు, నేను మురిసిపోయి అడగలేదు. మనిద్దరం కూడా మధ్యలో ఎవరో ఒకరు తలుపు బయట నిలబడి అటుదిటు చెబితే కానీ మాట్లాడుకోనివాళ్ళమే!

మొదటి పేజీలో మాట నిజం కాదు కాబట్టి మార్పించాను. ఇప్పుడిలా ఉంది: "చదవని పుస్తకాల కథలన్నీ చెప్పిన మా నాన్నకి." ఈ ఒక్క పేజీకి ఇరవై ఆరు దాకా గడువిచ్చారు, నీకు అభ్యంతరమైతే చెప్పు. నీకు నామోషీ అయితే వెంటనే తీసేస్తాను, నిజంగా.

నువ్వు చదివినా చదవకపోయినా, ఆ టీ మీద తెట్టు కట్టిందని రాశావు చూడు, నాకు సభ అప్పుడే అయిపోయింది.

గువ్వ

*

జూన్ 25

నా గువ్వకి,

ఈ రోజు మధ్యాహ్నం మూడు కావస్తుండగా అయిపోయింది. పుస్తకం అయిపోయింది! చివరి వాక్యం తర్వాత తెల్లగా ఉంది. ఇంకా ఉందేమోనని తిప్పి చూశాను. లేదు. కిటికీ దగ్గర చాలాసేపు ఊరికే కూర్చున్నాను. వీధిలో అందరూ మామూలుగానే నడుస్తున్నారు, వాళ్ళెవరికీ ఏమీ తెలియదని జాలేసింది.

మొదటి పేజీలో మాట అలాగే ఉంచు. మీ అమ్మ మొదట "వీధిలో తలెత్తుకోగలరా" అంది. తర్వాత "పెళ్ళైన కొత్తలో నాకూ అలాగే చెప్పేవారు కదూ, ఎడారిలో గడియారాల దొంగ కథ, అదీ మీ సొంతమేనా" అని అడిగింది. అవునన్నాను. "అదే బాగుండేది" అని లోపలికి వెళ్ళిపోయింది. కంపోజిటర్‌కి కూడా నేనే చెప్పేశాను. వాడు కాసేపు గడ్డం గోక్కుని "నేను పేర్చినవన్నీ అద్దంలోలా తిరగేసిన అక్షరాలే కదరా, నేను మాత్రం ఏం చదివాను" అన్నాడు. పాపం, ఇన్నేళ్ళూ ఒకళ్ళకి ఒకళ్ళం పండితులమనుకుంటూ బతికాం.

ఆదివారం పొద్దున బస్సుకే బయల్దేరుతున్నాం. మాట్లాడతాను. అయితే పొగడ్తలే ఉంటాయనుకోకు. పదకొండో కథలో తాళంచెవులావిడ లిఫ్టు దిగి, తాళంచెవుల గుత్తి చేతిలో పట్టుకుని, ఎడమకి తిరిగిందని రాసి వదిలేశావు. ఎడమకి తిరిగి ఎక్కడికి వెళ్ళింది? మూడు రోజులుగా నిద్ర పట్టక ఆలోచిస్తున్నాను. నా లెక్క ప్రకారం అక్కగారింటికే వెళ్ళింది. మీ అమ్మ కాదంటోంది, రైల్వే స్టేషన్‌కి వెళ్ళిందట. నిన్న ఈ విషయం మీద వాదించుకుని పొద్దున్నదాకా మాటల్లేవు. రచయిత్రివి కాబట్టి నువ్వే తేల్చాలి. తేల్చకపోతే సభలో నిలదీస్తాను.

పుస్తకం ఇప్పుడు మీ అమ్మకి ఇచ్చేశాను. దొంగచాటుగా ముక్కలు ముక్కలుగా చదివింది కదా, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది, దర్జాగా, కుర్చీ వేసుకుని, అక్షరాలు తన ఇష్టం వచ్చినంత పెద్దవి చేసుకుని. నేను ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. ఇప్పుడే ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. దుమ్ము గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏమీ వినిపించడం లేదు. కానీ నాలుగో కథలో ఉంది, పరుపు మోసుకెళ్ళేవాడి కథలో. మూడు గంటలు చెమటోడ్చి నువ్వు తలుపు తెరిస్తే, వాడు ఆ పరుపు పరుచుకుని హాయిగా నిద్రపోయి, ఒక కన్ను తెరిచి "ఇంకో అరగంట ఆగి రామ్మా" అంటాడు చూడు, అక్కడ ఉంది. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ నవ్వు ఏ వాక్యం దగ్గరదో నాకు తెలుసు.

నాన్న